లెఫ్ట్ గార్డ్ కావలెను

మీ కాల్ మాకెంతో విలువైనది, లైన్లోనే ఉండండి అని ఫోన్లో ఆ రేడియో స్టేషను పిల్ల ఇంగ్లీషులో మళ్ళీ అంది, అని మళ్ళీ ఆ పీపీ సంగీతం పెట్టేసింది. ఈ ఒంటారియో కేంబ్రిడ్జ్‌లో బయల్దేరిన కాడ్నించీ ఇదే వరస, అంత విలువైనదైతే ఎత్తొచ్చు కదా, అటకమీద వెండి చెంబులాగా విలువైనదీ విలువైనదీ అంటా పక్కన పెట్టడం దేనికీ అని బేబీ స్టీరింగు మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. ముందు కారు కదల్లేదు, దాని ముందుదీ కదల్లేదు. ఈ నాలుగొందలొకటో నెంబరు రోడ్డు ఉందే, పేరుకి ఎన్ని వరసలో లెక్కలేదు, ఎన్ని వరసలుంటే అన్ని వరసలూ ఆగిపోవడానికే, వెనకటికి ఈ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఒకాయన ఇల్లు చేరేసరికి పిల్లకి నిశ్చితార్థం అయిపోయిందంట, తాంబూలాలకి సంతకం పెట్టడానికే వచ్చాడంట పాపం, నమ్మితే నమ్మండి. బేబీ పక్క సీట్లో శాంతమ్మక్క ఉంది, ఆవిడ చేతిలో బేబీ ఫోను ఉంది. నడిపేవాళ్ళు ఫోను ముట్టుకుంటే ఈ దేశంలో పోలీసులు ఊరుకోరు, అంచేత శాంతమ్మే దాన్ని స్పీకర్లో పెట్టి, హారతి పళ్ళెంలా బేబీ మూతి దగ్గర పట్టుకుని కూర్చుంది, ఎందుకు పట్టుకోవాలని అడగలేదు, చెయ్యి మార్చుకుంటుంది, మళ్ళీ పట్టుకుంటుంది. వెనక సీట్లో ఆవిడ రెండు సూట్‌కేసులు, సీటుబెల్టు పెట్టించుకుని పెద్దమనిషిలా కూర్చున్న ఆవిడ సొంత గ్రైండరు. మార్కమ్‌లో, ఆవిణ్ణి పనికి పిలిచిన పద్మిని ఇంటి ముందు వీటన్నిటినీ దింపేస్తే అయిపోయింది, ఆరేళ్ళ వంటిల్లు అయిపోయింది, ఆ మాట మాత్రం కార్లో ఇద్దరూ ఎత్తట్లేదు.

రేపు డ్రాఫ్టు. డ్రాఫ్టంటే ఏంటని బేబీ మొగుడు రంగనాథ్‌ని అడిగితే కిటికీ సందులోంచి కొట్టే చలిగాలి అనుకుంటాడు, ఆయన కంపెనీలో సాఫ్ట్‌వేరు తప్ప ఈ లోకంలో ఇంకేం తెలీదు. ఇక్కడి ఫుట్‌బాల్, కాళ్ళతో కంటే చేతుల్తోనే ఎక్కువ ఆడేది, ఆ టీములన్నీ ఏడాదికోసారి వరసలో నిలబడి, యూనివర్సిటీల్లో ఆడే కుర్రాళ్ళని ఒక్కొక్కణ్ణి ఏరుకునే సంబరం అది, సంతలో కోడెదూడల పళ్ళు చూసి కొన్నట్టు వీళ్ళు కుర్రాళ్ళ చేత పరిగెత్తించీ దూకించీ చూసుకుంటారు. బేబీ టీము గ్రాండ్ రివర్ హెరాన్స్, హెరాన్ అంటే మన కొంగే, చొక్కామీద ఒంటికాలి కొంగ బొమ్మ, ఆ బొమ్మ ఏ ముహూర్తాన వేశారో గానీ టీముకి ఆ గుణమే వచ్చింది, కొంగజపం. సీజనంతా కళ్ళు మూసుకుని నిలబడతారు, చలికాలం రాగానే కళ్ళు తెరిచి అయ్యో చేపలు పోయాయే అంటారు. ఇప్పుడు ఈ కొంగలకి కావల్సిందేంటి, చిన్న పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు, లెఫ్ట్ గార్డ్ కావాలి, బంతి విసిరేవాడి ముందు ఎడంపక్క గోడలా నిలబడేవాడు. వెనకాల కాపలా కాసే సేఫ్టీ కూడా కావాలనుకో, బంతి తన్నేవాడి మోకాలు కీచుమంటుందనుకో, అవన్నీ తరవాత, ముందు గోడకి కన్నం పడితే గోడ కట్టుకుంటారా, గుమ్మానికి తోరణం కట్టుకుంటారా? ఈ డగ్లస్ ఉన్నాడే, టీము మేనేజరు, ఈయన తోరణాల మనిషి. పోయినేడు రిసీవర్ని ఏరాడు, బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి. అంతకు ముందేడూ రిసీవరే. పెళ్ళికి పదిమంది సన్నాయివాళ్ళని పిలిచి వంటవాణ్ణి మర్చిపోయినట్టు. ఈ ఏడు కూడా పేపర్లో వేశారు, బంగారు రంగు బూట్లేసుకుని చిరుతపులిలా ఉరికే కుర్రాడొకడున్నాడంట, డగ్లస్ మనసు పడ్డాడంట. ఆ పక్కనే రెజైనా దగ్గర గోధుమ చేలల్లో పెరిగిన కుర్రాడు ఇంకోడున్నాడు, వాడు నిలబడితే ట్రాక్టరు పక్కకి తప్పుకుంటుంది, వాడి ఫోటో చిటికెనవేలంత వేశారు, అదీ సగమే, మిగతా సగం టైర్ల ప్రకటనలోకి పోయింది. ఇదంతా డగ్లస్ మొహాన అడగాలనే బేబీ ఈ రేడియో వాళ్ళకి ఫోన్ కొట్టింది, ఆయన ఈ సాయంత్రం రేడియోకి వచ్చి వినేవాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్తాడంటే. అడగాల్సినవన్నీ ఇంగ్లీషులో కూడబలుక్కుంది కూడా, నిన్న చింతపండు పిసుకుతా ఇరవై సార్లు అనుకుంది, శాంతమ్మ అప్పుడు పక్కనే కరివేపాకు దూస్తుంది, ఏంది ఒక్కతే మాట్లాడుతున్నవ్ అని కూడా అడగలేదు.

అడగదు ఆవిడ. అదే కదా గొడవ.

ఈ ఫుట్‌బాల్ పిచ్చి ఎట్టా పట్టిందంటే, ఈ దేశం వచ్చిన మొదటేడు, నోట్లోంచి మాట బయటికొస్తే గడ్డకట్టి కాళ్ళ మీద పడేంత చలిలో, రంగనాథ్ ఆఫీసులో ఎవరో రెండు టికెట్లిచ్చారు. ఆయన వెళ్ళీ వెళ్ళగానే దుప్పటి కప్పుకుని నిద్రపోయాడు. బేబీకి ఆట ముక్క అర్థం కాలేదు, బంతి ఎక్కడుందో కూడా తెలీలేదు, కానీ ఒకటి చూసింది. బంతి విసిరేవాడు ఒకడుంటాడు, సన్నగా, తెల్లగా, పెళ్ళికొడుకులా, జనం వాడి పేరే అరుస్తారు. వాడి ముందు ఐదుగురు నేలమీద చెయ్యానించి వంగి ఉంటారు, బానపొట్టలూ వాళ్ళూనూ, ఏరు దాటబోయే గేదెల్లా. బంతి కదలగానే అవతలోళ్ళు వచ్చి వీళ్ళని గుద్దుతారు. వీళ్ళు గుద్దించుకుంటారు. లేస్తారు. మళ్ళీ వంగుతారు. ఆట మొత్తం ఆ ఐదుగురిలో ఒక్కడు కూడా బంతి ముట్టుకోలేదు, ఒక్కడి పేరూ ఎవరూ అరవలేదు. ఇదేదో నాకు తెలిసిన ఆటే అనుకుంది బేబీ, తణుకులో మా ఇంట్లో పెళ్ళిళ్ళన్నీ ఇట్టాగే జరిగాయి. ఆ ఐదుగురిలో ఎడంపక్క లోపల నిలబడేవాడు గోర్డీ, అరవై నాలుగో నెంబరు చొక్కా, మంచు పడితే వాడి వీపు మీద ఆవిరి లేచేది, ఇడ్లీ కుక్కరు మూత తీసినట్టు. వాడు చెయ్యి చాపి ఆపితే అవతలోడు ఆగాల్సిందే, ఒకసారి వాడు గుద్దిన గుద్దుకి అవతలోడి హెల్మెట్ పైకెగిరి, దిగి వచ్చేలోపు హాఫ్‌టైమ్ అయిపోయిందని కేంబ్రిడ్జ్‌లో బేబీ చెప్తే మన కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వనీ, చూసినవాళ్ళకి తెలుసు. ఆ గోర్డీని ఈ డగ్లస్ పోనిచ్చాడు. పడమటి టీమువాళ్ళు రమ్మంటే పోయాడు. అప్పట్నించీ ఎడంపక్క కన్నమే, దూరినవాడల్లా మన పెళ్ళికొడుకుని నేలకేసి రాస్తున్నాడు, ముగ్గుపిండి రాసినట్టు.

ముందు కారు ఒక మూరెడు కదిలింది. బేబీ మూరెడు కదిలింది. రేడియోలో ఎవడో డగ్లస్‌ని స్టేడియంలో హాట్‌డాగులు చల్లగా ఉంటన్నాయెందుకని అడుగుతున్నాడు, దానికి ఆయన నవ్వుతా జవాబు చెప్తున్నాడు, ఓరి దేవుడా, గోడ కూలిపోతుంటే హాట్‌డాగుల సంగతి. శాంతమ్మ కుడిచేతి నించి ఎడంచేతికి ఫోను మార్చుకుంది.

"చెయ్యి లాగేస్తుందా అక్కా? పెట్టెయ్, ఒళ్ళో పెట్టెయ్."

"ఒళ్ళె పెడితే నీ మాట వాళ్ళకి ఇనబడదు."

ఇదిగో ఇట్టా ఉంటుంది మాట, శాంతమ్మది. ఆర్మూరు మనిషి, ముక్కుసూటి, మూడు ముక్కల్లో తేల్చేస్తుంది. మొదట మాంట్రియల్‌లో కూతురు మధుమిత దగ్గరికొచ్చింది, అక్కడ ఇళ్ళకి మెట్లు బయట ఉంటాయి, చలికాలం వాటిమీద మంచు పేరుకుని అద్దమైపోతుంది, ఒకరోజు పెరుగు తెద్దామని మూడో అంతస్తు నించి కాలు పెడితే జారుడు మొదలై పెరుగు కొట్టు గుమ్మం దగ్గరే ఆగిందంట, మళ్ళీ పైకెక్కడం నా వల్ల కాదని చెప్పి కేంబ్రిడ్జ్ బస్సెక్కేసింది. మొగుడు మాత్రం కూతురింట్లోనే మనవడికి చదరంగం నేర్పిస్తా కూర్చున్నాడు, రోజూ ఫోన్లో కాపురం చేస్తారు, దూరముంటే బంగారం మనిషి అంటది. బేబీ ఇంట్లో వంటింటి పక్క చిన్నగదిలో అద్దెకి దిగింది, ఒక నెలకని. ఆ నెల ఆరేళ్ళయింది. అప్పుడు బేబీ పదిమంది స్టూడెంట్లకి భోజనం డబ్బాలు కట్టేది. తరవాత వచ్చింది చూడండి వరద, ఆ రెండేళ్ళూ మన పిల్లలు వచ్చారూ వచ్చారూ, విమానాలు చాల్లేదంటే ఒట్టు, కేంబ్రిడ్జ్‌లో ఒక్కో బేస్‌మెంట్లో ఎంతమందంటే వంతులేసుకుని పడుకునేవాళ్ళు, పగటి బ్యాచి లేస్తే రాత్రి బ్యాచి అదే వెచ్చటి దుప్పట్లో దూరేది. డోనట్ల కొట్టులో ఒక్క ఉద్యోగానికి కట్టిన క్యూ తోక వెళ్ళి పక్క బజార్లో చెప్పుల కొట్టు క్యూలో కలిసిపోయి, డోనట్లకొచ్చిన కుర్రాడికి చెప్పుల కొట్టులో జాబొచ్చింది, ఇది మాత్రం నిజం, వాడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. వాళ్ళందరికీ కడుపుంటుంది కదా. బేబీ ఆంటీ డబ్బా, బేబీ ఆంటీ గోంగూర పప్పు, బేబీ ఆంటీ ములక్కాడ పులుసు. పేరంతా బేబీదే. ఉల్లిపాయల బస్తా ముందు కూర్చున్నది శాంతమ్మ. పొద్దు పొడవకముందే బియ్యం కడిగింది శాంతమ్మ. డబ్బా మూత బిగించి, తలకిందులు చేసి, చారు కారట్లేదని చూసి మరీ సంచిలో పెట్టింది శాంతమ్మ. బేబీ ఫుట్‌బాల్ చూస్తా పులుసులో ఉప్పు మర్చిపోతే వెనకనించి వచ్చి వేసేసి, ఏమెరగనట్టు గిన్నెలు తోముకుంది శాంతమ్మ, ఆ సంగతి బేబీకి తెలుసు, బేబీకి తెలుసని శాంతమ్మకీ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పుడావిడ చోట్లోకి ఎవరు? బేబీ వారం నించీ డ్రాఫ్టు పెట్టింది ఇంట్లో, చెప్పుకోడానికి సిగ్గు గానీ నిజం అంతే. మొదట దీక్షిత్ వచ్చాడు, విజయవాడ కుర్రాడు, మాట తేనె, ఆంటీ మీ వంటకి రీల్స్ చేస్తా ఒంటారియో అంతా మోగిపోతుందన్నాడు, ఉల్లిపాయ తరగమంటే దాన్ని వెలుతురులో పెట్టి నాలుగు పక్కలా వీడియో తీసి, తరగడం మర్చిపోయి వెళ్ళిపోయాడు. బంగారు బూట్లు. తరవాత కావ్యశ్రీ, బంగారం లాంటి పిల్ల, ఇంజనీరింగు, ఆంటీ పులుసులో బెల్లం ఎన్ని గ్రాములు అని అడిగింది, గ్రాములేంటమ్మా చెయ్యి చెప్తుంది అంటే మీ చెయ్యి బరువెంత ఆంటీ అంది. మూడోవాడు జయదేవ్, కరీంనగర్, తలుపు సరిపోక పక్కకి తిరిగి లోపలికొచ్చాడు, బేబీ ఇదిగో నా గోధుమ చేల కుర్రాడనుకుంది, బస్తా ఒంటిచేత్తో ఎత్తాడు, గిన్నెలన్నీ తోమాడు, అంతా అయ్యాక ఆకలేస్తుంది ఆంటీ అని ఆ రోజు కట్టాల్సిన డబ్బాల్లో సగం అక్కడే కూర్చుని తినేశాడు. వాణ్ణి పెట్టుకుంటే వాడి కోసం ఇంకో మనిషిని పెట్టుకోవాలి. ఈ ముగ్గుర్నీ శాంతమ్మ కూడా చూసింది, గుమ్మంలో నిలబడి, ఏమీ అనలేదు. ఆ గ్రాముల పిల్ల బాగుంది అనొచ్చు కదా. వీడొద్దు అనొచ్చు కదా. ఎవ్వరొద్దు, నేనే ఉంటా అనొచ్చు కదా, నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?

అసలు తగువంతా పద్మిని పెట్టింది. మార్కమ్‌లో కంపెనీ ఆఫీసులకి మధ్యాహ్నం భోజనాలు పంపే వంటిల్లుందావిడకి, స్టీలు బల్లలు, గిన్నెలు కడిగే మిషన్లు, తలకి నెట్టు టోపీలు. ఏ పెళ్ళిలో తిన్నదో శాంతమ్మ చేతి అల్లం పచ్చడి, పట్టు చీర కట్టుకుని, పళ్ళూ జాకెట్ ముక్కా తీసుకుని, కుంకుమ భరిణెతో సహా అంత దూరం నించి ఆదివారం పూట కారేసుకుని వచ్చేసింది. వచ్చి బేబీ వంటింట్లో, బేబీ పొయ్యి ముందు, బేబీ చూస్తుండగా శాంతమ్మకి బొట్టు పెట్టింది. మీరు మా దగ్గరికి రావాలక్కా, పచ్చళ్ళ మీద మీ పేరే వేస్తానంది. బొట్టు పెట్టి మరీ పిలిచింది. శాంతమ్మ బొట్టు పెట్టించుకుని, జాకెట్ ముక్క ఒళ్ళో పట్టుకుని, తల తిప్పి బేబీ వైపు చూసింది. అప్పుడు బేబీ ఏమంది? గరిటె తిప్పుతా, అటు తిరక్కుండా, నీ ఇష్టం అక్కా అంది. ఇంకేమంటుంది, ఎవరన్నా ఇంట్లో మనిషిని ఉండవే అని బతిమాలతారా, పొయ్యిని ఉండమంటామా, గడపని ఉండమంటామా, పరాయివాళ్ళకి బొట్టు పెట్టి పిలుస్తారు గానీ సొంత మనిషికి పిలుపేంటి, పిలిస్తే అవమానం కాదా? తణుకులో అంతే, ఆర్మూర్లో మాత్రం వేరే ఉంటుందా? అంత మాత్రం అర్థం చేసుకోవద్దూ. శాంతమ్మ జాకెట్ ముక్క మడత పెట్టుకుని, సరే మరి అంది. బేబీ ఆ రోజంతా మూతలు దబదబా వేసింది, నాలుగు గిన్నెలు సొట్ట పోయాయి, కుక్కరు విజిలే భయపడి రాలేదు. శాంతమ్మ సొట్ట గిన్నెలన్నీ తోమి బోర్లించింది. మూడు వారాలు అట్టా గడిచిపోయాయి, పప్పు సంగతి మాట్లాడుకున్నారు, వాన సంగతి, కొంగల టీము సంగతి కూడా మాట్లాడుకున్నారు, ఈ ఒక్క సంగతి తప్ప.

"హలో, బేబీ ఫ్రమ్ కేంబ్రిడ్జ్, యువర్ క్వశ్చన్ ఫర్ డగ్లస్?"

బేబీకి ఒక్క క్షణం అర్థం కాలేదు, ఎవరో ఫోన్లోంచి తన పేరు పిలుస్తున్నారు. శాంతమ్మ టక్కున రేడియో కట్టేసి ఫోను ఇంకా దగ్గరికి జరిపింది.

"మాట్లాడు."

"హలో సార్. ఐ యామ్ బేబీ."

రేడియో అతను నవ్వాడు, ఆ నవ్వు ఒంటారియో అంతా విన్నది. కూడబలుక్కున్న ఇంగ్లీషంతా, చింతపండుతో పాటు పిసికి పెట్టుకున్నదంతా, సేఫ్టీ, మోకాలు, గోధుమ చేలు, బంగారు బూట్లు, గోడ, తోరణం, అన్నీ కలిసి ఒక్కసారే గొంతులోకి వచ్చి గుమ్మంలో ఇరుక్కున్న పెళ్ళివారిలా ఒక్కటీ బయటికి రాలేదు. చివరికి ఏదో ఒకటి జారి వచ్చింది.

"గోర్డీ, సార్. వై హీ వెంట్?"

డగ్లస్ గొంతు మెత్తగా ఉంది, పెద్దమనిషి గొంతు. గోర్డీ అంటే మాకందరికీ ప్రాణం అన్నాడు, అక్కణ్ణించి మంచి అవకాశం వచ్చింది, మేం అడ్డం పడదల్చుకోలేదు అన్నాడు. తరవాత వేగం కావాలన్నాడు, ఈ రోజుల్లో ఆట వేగం అయిపోయిందమ్మా, రేపు మీరే చూస్తారు అన్నాడు. బంగారు బూట్లే అన్నమాట. మామూలుగా అయితే బేబీ ఇక్కడ లేచేది, స్టీరింగు పీకేసేది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది, కూడబలుక్కోని మాట.

"యు ఆస్క్ హిమ్, సార్? స్టే అని ఆస్క్ చేశారా?"

"ఎక్స్‌క్యూజ్ మీ?"

"ఉండు అని. ప్లీజ్ స్టే, గోర్డీ. యు ఆస్క్డ్?"

తరవాత డగ్లస్, ఈసారి అంత పెద్దమనిషిలా కాకుండా, మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు. లేదమ్మా, అడగలేదు, నిర్ణయం నీదే అని చెప్పాం, ఇన్నేళ్ళ మనిషి, ఇంట్లో మనిషి లాంటివాడు, మేం కోరుకుంటున్నామని వాడికి తెలిసే ఉంటుంది అనుకున్నాం, అన్నాడు. కొంగల టీము మేనేజర్ని ఇరవై రకాలుగా తిట్టడానికి తయారైన మనిషికి ఒక్క తిట్టూ దొరకలేదు. ఓకే సార్, థాంక్యూ సార్ అంది, డోనట్లు కొనుక్కున్నట్టు. లైను కట్టయిపోయింది.

శాంతమ్మ ఫోను దించింది. వేళ్ళు విప్పింది, మూసింది, మళ్ళీ విప్పింది. ఈ దేశం వచ్చాక ఆవిడ ఇంగ్లీషు మాట్లాడగా ఎవరూ వినలేదు. విని అర్థం చేసుకోగలదా లేదా అని ఎవరూ అడగలేదు కూడా.

"మంచిగడిగినవ్" అంది కిటికీ వైపు చూస్తా.

ముందు కార్ల ఎర్ర దీపాలు ఆరిపోయి కొంచెం కదిలి మళ్ళీ వెలిగాయి. డిక్సీ రోడ్డు బోర్డు కనపడుతుంది. ఇక్కణ్ణించి మార్కమ్ ఎంత దూరమో బేబీకి తెలుసు, ఇంకా చాలా దూరం అనుకుంటే దూరం, అయిపోయిందనుకుంటే అయిపోయినట్టే. పరాయింటికి వెళ్తున్నాం కదా, మనిషి నీటుగా ఉండాలని కామోసు, శాంతమ్మ తన వైపు ఎండ తెర కిందికి లాగి అద్దంలో జుట్టు సర్దుకుంది. ఆ అద్దం అంచునిండా ఆవిడ స్టిక్కర్ బొట్లే, మెరూన్‌వి, ఒకదాని పక్కనొకటి, ఎన్ని సంతలకెళ్ళినప్పుడు పెట్టినవో, బ్రాంప్టన్ కూరగాయల కొట్టుకి, గుడికి, గోర్డీ ఆఖరి ఆటకి కూడా, ఆ రోజు మంచులో చలికి ఆవిడ ఫ్లాస్కులో వేడి రసం తెచ్చి వరసలో అందరికీ పోసింది. శాంతమ్మ గోటితో ఒక బొట్టు గీకింది. ఊడొచ్చింది. రెండోది గీకింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"నీ అద్దమంత గలీజ్ జేసిన. సాఫ్ జేసి పోత."

మూడోది. ఆవిడ వేలి చివర మూడు బొట్లు అంటుకుని ఉన్నాయి. బేబీకి ఎక్కడో లోపల కుక్కరు విజిలేసింది, మూడు వారాల నించీ రానిది. ఆపు అంది, ఉంచు వాటిని అంది, గట్టిగానే అంది. శాంతమ్మ ఆగి చూసింది. కారు ఎట్టాగూ కదలట్లేదు. బేబీ ఆ వేలి మీద నించి ఒక బొట్టు తీసుకుంది, వంగింది, సీటుబెల్టు గొంతుకి అడ్డం పడింది, అయినా వంగింది, శాంతమ్మ నుదుటి మీద ఉన్న బొట్టుకి కొంచెం పైన పెట్టింది. ఏ కాలం నాటి స్టిక్కరో, జిగురు ఎప్పుడో పోయింది, పెట్టగానే జారి ముక్కు మీదకొచ్చింది. మళ్ళీ పెట్టి, ఈసారి బొటనవేలుతో నొక్కి పట్టుకుంది, తియ్యకుండా. అట్టా పట్టుకునే, పద్మిని అన్నట్టే, పేరంటాలకి పిలిచినట్టే అంది.

"మా ఇంటికి రావాలక్కా నువ్వు. కేంబ్రిడ్జ్‌లో. తప్పకుండా రావాలి."

వెనకాల ఎవడో హారను కొట్టాడు. ముందు నాలుగు కార్లంత ఖాళీ వచ్చింది. బేబీ వేలు తియ్యలేదు.

"ఏందే ఇది?" అంది శాంతమ్మ. గొంతు వణికింది, కోపానికే వణికింది, అందులో సందేహం లేదు. "ఇంటి మనిషికి బొట్టు పెడ్తరానే ఎవరన్న? నేను నీకు చుట్టాన్నా? పద్మిని పరాయిది, పెట్టింది. నీకేం పుట్టింది?"

"మరి పిలిస్తే గానీ ఉండవు కదా నువ్వు."

"పిలుసుడెందుకు, ఒక్క మాట అంటే అయిపోతుండె. మూడు వారాలు నోట్లె బెల్లం గడ్డ పెట్టుకున్నవ్. గిన్నెలన్ని సొట్ట పెట్టినవ్. గా రేడియోల ఎవనికో ఫోన్ జేసి, ఎవన్నో ఉండమన్నవా అని అడుగుతవ్. నాతోని ఫోను పట్టిచ్చి మరీ."

"నువ్వు మాత్రం చెప్పావా, ఉంటానని?"

"నాకు నోరెందుకు, నీకున్నది ఊరికి సరిపోతది."

హారన్లు కొట్టేవాళ్ళు ఇద్దరు ముగ్గురయ్యారు. బేబీ వేలు తీసేసింది, బొట్టు అంటుకునే ఉంది, ఎట్టా ఉందో తెలీదు, చెమటకో దేనికో. శాంతమ్మ వేలి మీద మిగిలిన రెండు బొట్లు చూసుకుంది, కాసేపు ఎటు పెట్టాలో తెలీనట్టు పట్టుకుని, తెచ్చి అద్దం మీద పాత చోట్లోనే అంటించింది.

"పద్మినికేం జెప్తవ్ మరి? బియ్యం పోసి ఉంటది నాకు కూడ."

"నేను చెప్తాలే."

"ఏమని?"

"నీ ఇష్టం అని చెప్తా."

శాంతమ్మకి నవ్వొచ్చింది, కానీ అది చూపించడం ఇష్టం లేక వెనక్కి తిరిగి గ్రైండరు బెల్టు సరిగ్గా ఉందో లేదో చూసింది. చూసి, అక్కడే ఆగిపోయింది. గ్రైండర్ని చూస్తే గుర్తొచ్చినట్టుంది.

"రేపటికి మినపప్పు నానబోసినవా?"

బేబీ నానబోయలేదు. ఎప్పుడు నానబోసింది కనక, ఆరేళ్ళలో.

"ఇగ మరి ఏం జూస్తున్నవ్. తిప్పు."

తిప్పు అంటే తిరగడానికి ఇదేమన్నా తణుకు సెంటరా, డిక్సీ రోడ్డు మీదకి దిగాలంటే కుడిపక్కకి నాలుగు వరసలు దాటాలి, ఆ నాలుగు వరసలూ అతుక్కుపోయి ఉన్నాయి అంటించిన గారెల్లా. బేబీ ఇండికేటర్ వేసింది. టక్ టక్ టక్ అని కొట్టుకుంటుంది, ఎవడూ చూడడు. ఒక నల్ల కారు వాడు చూసి మరీ ముందుకి జరిగాడు. వాడి వెనక పద్దెనిమిది చక్రాల లారీ వస్తుంది, ఆలయ గోపురమంత ఉంది, పొగ కక్కుతా, బేబీ బ్రేకు తొక్కి పట్టుకుని, ఇంక ఇంతే, కొంగల టీములాగా ఇక్కడే ఒంటికాలి మీద నిలబడిపోవడమే, మార్కమ్ పోయి అక్కణ్ణించి తిరిగొచ్చేసరికి మినపప్పు నానదు, ఇడ్లీ ఉండదు, పిల్లలంతా పొద్దున్నే ఖాళీ డబ్బాలు పట్టుకుని ఇంటి ముందు బారులు తీరతారు, దీక్షిత్ దానికి కూడా వీడియో తీస్తాడు అనుకుంటూ ఉంది. అప్పుడు శాంతమ్మ, ఈ దేశంలో పక్క సీటు కుడివైపే కదా, తన వైపు అద్దం దించింది. చలిగాలి రివ్వున లోపలికొచ్చింది. గంటసేపు ఫోను పట్టుకుని కొయ్యబారిపోయిన చెయ్యి భుజం దాకా బయటికి చాపింది, అరచెయ్యి తెరిచి, నేరుగా ఆ లారీ మొహం మీదకి, అచ్చం ఎడంపక్క లోపల నిలబడే అరవై నాలుగో నెంబరు వాడిలా, ఇంక నువ్వు రావు అన్నట్టు.

లారీ ఆగింది.